తప్పు జవాబు వెనుక ఉన్న లెక్క

మూడింట రెండు వంతులకు నాలుగింట ఒక వంతు కలిపితే ఎంతవుతుందని ఆరో తరగతిలో అడిగిన రోజున ఒక అమ్మాయి తన పలక మీద 3/7 అని రాసి, ఏమాత్రం సందేహం లేకుండా పైకెత్తి చూపించింది. అంతకు ముందు సంవత్సరాల్లో అయితే నేను "హారాలను కూడకూడదమ్మా, క.సా.గు. తీసుకోవాలి" అని చెప్పి, బోర్డు మీద పద్ధతిని మరొకసారి చేసి చూపించి, తరువాతి లెక్కకు వెళ్లిపోయేవాణ్ణి. ఆ రోజు ఎందుకో "ఎలా వచ్చిందో చెప్పమ్మా" అన్నాను.

"నిన్న మూడు ప్రశ్నలు ఇచ్చారు సార్, రెండు ఒప్పు చేశాను. ఇవాళ నాలుగు ఇచ్చారు, ఒకటి ఒప్పయింది. మొత్తం ఏడింటికి మూడు కదా!"

ఆ అమ్మాయి చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఏడింటికి మూడే. మార్కులు కలిపేటప్పుడు మనమందరం చేసేది కూడా అదే. తేడా ఎక్కడుందంటే, అక్కడ నిన్నటి మూడు ప్రశ్నలు ఒక మొత్తం, ఇవాళ్టి నాలుగు ప్రశ్నలు మరొక మొత్తం, ఆ రెండూ కలిసి ఏడు ప్రశ్నల కొత్త మొత్తం ఏర్పడింది. నేను అడిగిన లెక్కలో మాత్రం రెండు భిన్నాలూ ఒకే మొత్తానికి చెందిన ముక్కలు. ఈ తేడాను నేను అంతవరకూ ఏ తరగతిలోనూ నోరు విప్పి చెప్పలేదు. కాబట్టి "క.సా.గు. తీసుకోవాలి" అనే నా సమాధానం ఆమె అడగని ప్రశ్నకు జవాబు. ఒక కాగితపు పట్టీని పన్నెండు సమాన భాగాలుగా గీసి, అందులో మూడింట రెండు వంతులు అంటే ఎనిమిది గళ్లకు, నాలుగింట ఒక వంతు అంటే మూడు గళ్లకు రంగు వేయించాక, పదకొండు గళ్లు నిండిన పట్టీని చూసి ఆమే పలక తుడిచింది. అయితే దానికంటే ముందే తరగతిలో ఇంకో అబ్బాయి ఒక మాట అన్నాడు: "మూడింట రెండు అంటేనే సగం దాటింది కదా సార్, ఇంకా కలిపితే సగం కంటే తగ్గిందేమిటి?" అప్పటి నుంచి ఏ భిన్నాల లెక్కనైనా చేసే ముందు, జవాబు సగం కంటే ఎక్కువా తక్కువా, ఒకటి దాటుతుందా దాటదా అని ఉజ్జాయింపుగా చెప్పించడం నా తరగతిలో అలవాటయింది.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో లెక్కలు చెప్పేవారికి ఎదురయ్యే అసలు ఇబ్బంది ఇదేనని నా నమ్మకం. ఐదో తరగతి వరకు పిల్లలు ఎంతో కష్టపడి నేర్చుకున్న నిజాలు ఈ మూడేళ్లలో ఒకదాని తరువాత ఒకటి చెల్లకుండా పోతాయి. గుణిస్తే సంఖ్య పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది, అంకెలు ఎక్కువున్న సంఖ్యే పెద్దది, చిన్న సంఖ్యలోంచి పెద్ద సంఖ్యను తీసివేయలేము, సమాన గుర్తు తరువాత జవాబు రాయాలి: ఇవన్నీ అప్పటిదాకా పనిచేసిన సూత్రాలే, టీచర్లు మెచ్చుకున్న సూత్రాలే. భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు, సమీకరణాలు వచ్చేసరికి అవే పిల్లల కాళ్లకు అడ్డం పడతాయి. ఈ వయసు పిల్లలు చేసే తప్పుల్లో చాలా భాగం అజాగ్రత్త వల్ల వచ్చేవి కావు. పాత నిజాన్ని కొత్త చోటికి నమ్మకంగా మోసుకురావడం వల్ల వచ్చేవి. అందుకే తప్పును దిద్దే ముందు దాని వెనుక ఉన్న లెక్క ఏమిటో తెలుసుకోవడమే నా పద్ధతులన్నిటికీ మొదలు.

దశాంశాల విషయం చూడండి. 0.5, 0.35లలో ఏది పెద్దదని అడిగితే, 35 కంటే 5 చిన్నది కనుక 0.35 పెద్దదని కొందరు చెబుతారు. దీనికి సరిగ్గా ఎదురుగా ఆలోచించేవారు కూడా ఉంటారు. పదో వంతు నూరో వంతు కంటే పెద్దదని నేర్చుకున్నందువల్ల, దశాంశ బిందువు తరువాత అంకెలు తక్కువగా ఉన్న సంఖ్యే ఎప్పుడూ పెద్దదని వారి లెక్క. ఇప్పుడు నేను 0.5, 0.35 మాత్రమే అడిగి ఊరుకుంటే ఈ రెండో రకం పిల్లలకు ఒప్పు జవాబే వస్తుంది, వారి పొరపాటు నాకు కనపడదు. 0.75, 0.5 మాత్రమే అడిగితే మొదటి రకం వారు తప్పించుకుంటారు. కొన్నేళ్ల పాటు నేను పరీక్షల్లో ఇలాంటి ప్రశ్న ఒక్కటే ఇచ్చి, తరగతిలో చాలామందికి దశాంశాలు వచ్చేశాయని సంతోషపడుతూ వచ్చానని ఇప్పుడు అర్థమవుతోంది. ఈ రెండు జతలను కలిపి ఇచ్చి, వాటి పక్కన 0.4, 0.40 జతను కూడా చేర్చి, ప్రతిదానికీ కారణం ఒక వాక్యంలో రాయమంటే, ఎవరి మనసులో ఏ సూత్రం నడుస్తోందో ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు నేను వేసుకునే పరీక్ష ఒక్కటే: తప్పుగా ఆలోచించిన పిల్లవాడికి కూడా ఈ ప్రశ్నకు ఒప్పు జవాబు వచ్చే అవకాశం ఉందా? ఉంటే ఆ సంఖ్యలను మార్చేస్తాను.

ఈ పొరపాటుకు మన నాలుక కూడా కొంత కారణం. 0.35ను "పాయింట్ ముప్పై అయిదు" అని చదివినప్పుడు ఆ ముప్పై అయిదు పూర్ణసంఖ్యలాగే చెవిన పడుతుంది. "సున్నా పాయింట్ మూడు అయిదు" అని విడివిడిగా చదవడం, మొదట్లో కొన్నాళ్లు "మూడు పదో వంతులు, అయిదు నూరో వంతులు" అని పూర్తిగా పలికించడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఫలితం ఇస్తుంది. మీటరు స్కేలు మీద 0.5 మీటరును, 0.35 మీటరును వేలితో చూపించమనడం ఇంకా త్వరగా పనిచేస్తుంది, ఎందుకంటే అర మీటరు ఎక్కడుందో పిల్లలకు ముందే తెలుసు. భిన్నాలను చదవడంలో అయితే తెలుగు మనకు మంచి సాయం చేస్తుంది. 3/4ను "మూడు బై నాలుగు" అని చదివితే ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు వేర్వేరు సంఖ్యలు కనిపిస్తాయి. పైవాటిని పైవాటితో, కిందవాటిని కిందవాటితో కూడాలనిపించడం అప్పుడు సహజం. "నాలుగింట మూడు వంతులు" అన్నప్పుడు, మొత్తాన్ని నాలుగు చేశాం, అందులో మూడు తీసుకున్నాం అనే పని అంతా ఆ మాటలోనే వినిపిస్తుంది. ముప్పావు అన్న మాట తెలిసిన పిల్లలకు మూడు పావులు ఎలాగూ కళ్ల ముందుంటాయి. ఇంగ్లీషు మాధ్యమంలో చెబుతున్నప్పుడు కూడా భిన్నాల పాఠంలో మొదటి వారం నేను ఈ తెలుగు మాటలను వదలను.

భిన్నాల భాగహారం దగ్గర నా సొంత తప్పు ఒకటి ఒప్పుకోవాలి. "రెండోదాన్ని తలకిందులు చేసి గుణించు" అని చెప్పి, ఒక పీరియడ్‌లోనే పాఠం ముగించి, నేను చాలా తెలివైనవాణ్ణని అనుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి కొందరు మొదటిదాన్ని తలకిందులు చేసేవారు, కొందరు రెండింటినీ చేసేవారు, ఇంకొందరు గుణకారంలో కూడా చేసేవారు. సూత్రంలో దోషం లేదు. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడనే గణితవేత్త చెప్పిన సూత్రం, 11వ శతాబ్దంలో ఆయన గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన నాటికే పాతబడిన సూత్రం. దోషం నేను దాన్ని మొదటి రోజునే చేతికివ్వడంలో ఉంది. ఇప్పుడు ముందుగా "6లో అరలు ఎన్ని ఉన్నాయి?" అని అడుగుతాను. పన్నెండు అని వెంటనే చెబుతారు. భాగిస్తే జవాబు పెరిగిందేమిటని వారే ఆశ్చర్యపోతారు, ఆ ఆశ్చర్యాన్ని కాసేపు అలాగే ఉండనిస్తాను. తరువాత "నాలుగింట మూడు వంతుల్లో ఎనిమిదో వంతులు ఎన్ని?" అని అడిగి పట్టీని మడతపెట్టిస్తాను. ముప్పావు పట్టీ ఎనిమిదో వంతుల్లో చూస్తే 6/8, అందులో 1/8లు ఆరు ఉన్నాయి. ఇలా హారాలను సమానం చేసి భాగించడం కొన్ని రోజులు జరిగాక, ప్రతిసారీ ఇంత పని అవసరమా అని ఎవరో ఒకరు విసుక్కుంటారు. తలకిందులు చేసే సూత్రాన్ని ఇవ్వడానికి అదే తగిన సమయం.

ఇలాంటి నినాదాల్లో ఎక్కువ నష్టం చేసేది "మైనస్ మైనస్ ప్లస్". ఏడో తరగతిలో −3 − 5 ఎంతని అడగండి. 8 అని చెప్పేవారు ప్రతి సంవత్సరం ఉంటారు. వారిని అడిగితే "రెండు మైనస్‌లు ఉన్నాయి కదా సార్" అంటారు. గుణకారానికి చెందిన మాటను కూడికలు, తీసివేతల్లోకి తెచ్చుకున్నారు, ఎందుకంటే ఆ మాటకు ఎక్కడ ఆగాలో తెలియదు. 628లో బ్రహ్మగుప్తుడు ఈ సంఖ్యలకు నియమాలు చెప్పినప్పుడు ధనం, ఋణం అన్న మాటలే వాడాడు, మనం ఇప్పటికీ ధన సంఖ్యలు, రుణ సంఖ్యలు అనే అంటున్నాం. కూడికలు, తీసివేతలకు అప్పు ఉదాహరణ చక్కగా సరిపోతుంది: మూడు రూపాయల అప్పున్నవాడు ఇంకో ఐదు ఖర్చుపెడితే ఎనిమిది అప్పు, మూడు అప్పున్నవాడికి ఇంకా ఐదు అప్పుందని పొరపాటున పుస్తకంలో రాసి, ఆ ఐదింటినీ కొట్టేస్తే మళ్లీ మూడే. కానీ గుణకారానికి వచ్చేసరికి "అప్పును అప్పుతో గుణించడమేమిటి సార్?" అని అడిగే పిల్లవాడికి నా దగ్గర మర్యాదైన జవాబు లేదు. అందువల్ల అక్కడ అప్పును పక్కన పెట్టి, బోర్డు మీద −2ను వరుసగా 3, 2, 1, 0లతో గుణించి −6, −4, −2, 0 అని రాయించి, ఇంకొక్క మెట్టు దిగి −1తో గుణిస్తే ఏం రావాలో వారినే చెప్పమంటాను. ప్రతి మెట్టుకూ రెండు పెరుగుతూ వచ్చింది కాబట్టి తరువాతిది 2 అని తరగతి మొత్తం అంటుంది. సూత్రాన్ని వారు నా మాట మీద కాకుండా వరుస మీద నమ్ముతారు.

సమాన గుర్తు గురించి చెప్పకుండా బీజగణితంలోకి అడుగుపెట్టకూడదని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. 8 + 4 = □ + 5 అని రాసి గడిలో ఏముండాలని అడిగితే, ఎనిమిదో తరగతిలో కూడా 12 అనేవారు కనిపిస్తారు; ఉన్నవన్నీ కలిపి 17 అనేవారూ ఉంటారు. వారికి సమాన గుర్తు అంటే "ఇక జవాబు చెప్పు" అనే ఆజ్ఞ. అదే అలవాటుతో 5 × 3 = 15 + 2 = 17 అని గొలుసుకట్టుగా రాస్తారు. ఈ గుర్తును 1557లో మొదట అచ్చులో వాడిన రాబర్ట్ రికార్డ్ అనే గణితవేత్త, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి రెండు ఉండవని దానికి కారణం చెప్పాడు. ఈ సంగతి చెబితే పిల్లలకు ఆ గుర్తు ఆకారమే గుర్తుండిపోతుంది. ఆ తరువాత 9 = 4 + 5, 7 = 7, 6 + 3 = 5 + 4 వంటివి రాసి ఇవి ఒప్పా తప్పా అని వాదించుకోమంటాను. "7 = 7లో లెక్కే లేదు కదా, తప్పు" అన్నవారు ఒకరిద్దరైనా ఉంటారు, ఆ వాదన వినవలసిందే.

దీని కొనసాగింపే పక్షాంతరం, అంటే సమీకరణంలో ఒకదాన్ని సమాన గుర్తుకు ఇటు నుంచి అటు మార్చడం. "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అని నేర్చుకున్న ఒక అబ్బాయి, 3ఎక్స్ = 12 అని ఇస్తే ఎక్స్ = 12 − 3 = 9 అని రాశాడు. మూడు అటు వెళ్లింది, గుర్తు మారింది. మనం చెప్పినదాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు! "3ఎక్స్" అని రాసినప్పుడు మూడుకూ ఎక్స్‌కూ మధ్య ఏ పని దాక్కుని ఉందో వాడికి కనపడలేదు. ఆ సమీకరణాన్ని "మూడు ఎక్స్‌లు కలిపితే పన్నెండు" అని పైకి చదవమన్నాను. చదివి, ఒక్క క్షణం ఆగి, "అయితే ఒక ఎక్స్ నాలుగేగా" అన్నాడు. అప్పటి నుంచి మొదటి రెండు వారాలు పక్షాంతరం అనే మాటను నేను ఉచ్చరించను. రెండు వైపులా ఒకే పని చేయడం, చేసిన పనిని పక్కన రాయడం, చివరికి వచ్చిన విలువను మొదటి సమీకరణంలో పెట్టి సరిచూడటం, ఇంతే.

ఇవన్నీ జరగాలంటే తరగతిలో కాస్త నిశ్శబ్దం భరించగలగాలి, ఇది చెప్పినంత తేలిక కాదు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను కంటే ఎక్కువ ఆగడం లేదని, ఆ వ్యవధిని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవవుతాయని, ఎక్కువమంది నోరు విప్పుతారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో చూపించారు. మూడు సెకన్లే కదా అనుకుని నేను ప్రయత్నించినప్పుడు అది ఒక యుగంలా గడిచింది. ఇప్పుడు ప్రశ్న అడిగి, చేతులు ఎత్తవద్దని చెప్పి, లోలోపల పది దాకా లెక్కపెట్టుకుంటాను. తరువాత అందరూ ఒకేసారి పలకలు పైకెత్తాలి. చేయెత్తిన నలుగురినే అడిగితే మిగిలిన ముప్పైమంది ఏమనుకుంటున్నారో మనకు తెలియదు. పలకలు ఎత్తించినప్పుడు ఒక జాగ్రత్త అవసరం: ఒప్పు జవాబు చూడగానే మన ముఖం వెలిగిపోకూడదు. రెండు వేర్వేరు జవాబులను బోర్డు మీద పక్కపక్కన రాసి, రాసిన వారి పేర్లు చెప్పకుండా, "ఈ జవాబు రాసినవారు ఎలా ఆలోచించి ఉంటారు?" అని తరగతిని అడగాలి. ఆ 3/7 అమ్మాయి జవాబును ఇప్పటికీ ప్రతి కొత్త తరగతిలో ఇలాగే రాస్తాను.

మాటల లెక్కల్లో "ఎక్కువ అంటే కూడాలి, తక్కువ అంటే తీసివేయాలి" అనే చిట్కా ఎవరు కనిపెట్టారో కానీ పిల్లలను చదవకుండా చేయడానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. "రవి దగ్గర 12 గోళీలున్నాయి. ఇవి సీత దగ్గర ఉన్నవాటి కంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?" అని అడిగితే ఆ చిట్కా నమ్మినవారు 17 అంటారు. నేను లెక్కను మొదట సంఖ్యలు తీసేసి ఇస్తాను: రవి దగ్గర కొన్ని గోళీలున్నాయి, ఇవి సీత దగ్గర ఉన్నవాటి కంటే కొన్ని ఎక్కువ. ఎవరి దగ్గర ఎక్కువున్నాయి, బొమ్మ గీయండి అంటాను. కూడటానికి సంఖ్యలే లేవు కాబట్టి చదవక తప్పదు. సంఖ్యలు తరువాత వస్తాయి, అప్పటికి లెక్క సగం అయిపోయి ఉంటుంది.

అభ్యాసం విషయంలో నాకు కొన్ని పాతకాలపు అభిప్రాయాలున్నాయి. ఎక్కాలు నోటికి రావాలి. 7 × 8 కోసం వేళ్లు లెక్కపెట్టుకునే పిల్లవాడికి క.సా.గు. వెతికే సమయానికి అసలు ప్రశ్న ఏమిటో గుర్తుండదు. అయితే గడియారం పెట్టి, ఎవరు ముందు చెబుతారో చూద్దామనే పోటీలతో ఎక్కాలు రావు. భయం మాత్రం వస్తుంది. ప్రతి పీరియడ్ మొదటి ఐదు నిమిషాల్లో నాలుగు ప్రశ్నలు ఇస్తాను: నిన్నటి పాఠంలోంచి ఒకటి, పోయిన వారంలోంచి ఒకటి, పోయిన నెలలోంచి ఒకటి, కిందటి తరగతిలోంచి ఒకటి. ఒకే రకం లెక్కలు ఇరవై వరుసగా చేయించడం కంటే ఇది చాలా మేలు. వైశాల్యం పాఠం చివర ఉన్న లెక్కలన్నీ వైశాల్యం లెక్కలే కాబట్టి చదవకుండానే గుణించేస్తారు. వాటి మధ్యలో తోట చుట్టూ కంచె వేసే లెక్క ఒకటి పెట్టి చూడండి, దాన్నీ గుణించేస్తారు. ఏ పద్ధతి వాడాలో ఎంచుకోవడం కూడా ఒక నైపుణ్యమే, కలగాపులగంగా ఇచ్చినప్పుడే అది అలవడుతుంది. ఇక గుంపులుగా కూర్చోబెట్టి చేయించడం గురించి నాకు పెద్ద ఉత్సాహం లేదు. నలుగురిలో ఒకరు చేస్తే ముగ్గురు చూసి రాసుకుంటారు. ఇద్దరేసి చొప్పున, ఇద్దరికీ కలిపి ఒకే పెన్సిల్ ఇచ్చి, ఒకరు చెబితే రెండోవారు రాసే పద్ధతి నాకు నచ్చింది.

బెల్లు కొట్టే ముందు ప్రతి ఒక్కరూ ఒక చిన్న చీటీ మీద ఒకే ప్రశ్నకు జవాబు, దాని కింద కారణం రాసి ఇచ్చి వెళతారు. వాటికి నేను మార్కులు వేయను, ఎర్ర సిరా అసలే వాడను. స్టాఫ్‌రూంలో కూర్చుని, ఒప్పు జవాబూ ఒప్పు కారణమూ ఉన్నవి ఒక కుప్పగా, ఒప్పు జవాబుకు తప్పు కారణం రాసినవి మరొకటిగా, తప్పు జవాబులు ఇంకొకటిగా వేసుకుంటాను. పది నిమిషాల పని. నిన్న 0.7, 0.65లలో ఏది పెద్దదని అడిగాను. మొదటి కుప్పే పెద్దదిగా వచ్చింది కానీ, రెండో కుప్పలో ఆరు చీటీలున్నాయి, అన్నిటి మీదా దాదాపు ఒకే వాక్యం: "0.7కు అంకెలు తక్కువ కాబట్టి పెద్దది." రేపు మొదటి ప్రశ్న 0.3, 0.48.